కాల్చిన అనాస బ్రెడ్ ఇక పార్సిల్ ఇవ్వం: మా కస్టమర్లకు ఒక మాట

ఈ సోమవారం నుంచి కాల్చిన పండు, పన్నీర్ పెట్టిన బ్రెడ్ ముక్కలను పార్సిల్ ఇవ్వడం మానేస్తున్నాం. ఫోను యాప్‌లలోంచి కూడా ఆ వంటకాన్ని తీసేశాం. విశాఖలోని మా దుకాణానికి వచ్చి కూర్చున్నవారికి మాత్రమే, సాయంత్రం అయిదు నుంచి రాత్రి తొమ్మిదిన్నర దాకా వడ్డిస్తాం. ధర కూడా పెరుగుతోంది. నాలుగు ముక్కల ప్లేటు ఇప్పటిదాకా 180 రూపాయలు, ఇక 210. రెండూ మీకు నచ్చని మాటలేనని తెలుసు కాబట్టి కారణాలు దాచకుండా చెబుతాను.

ముందు పార్సిల్ సంగతి. బొగ్గుల మీద నుంచి తీసిన పండు వేడి తగ్గేకొద్దీ రసం వదులుతుంది. కింద ఉన్న బ్రెడ్ ఆ రసాన్ని కొద్దిసేపే ఓర్చుకోగలదు. ప్లేటు మీ ముందుకు వచ్చిన అయిదారు నిమిషాల్లో తింటే పైన కరకర, లోపల రసం రెండూ దక్కుతాయి. డబ్బాలో పెట్టి మూత వేస్తే ఆవిరి లోపలే ఉండిపోయి బ్రెడ్ నానిపోతుంది, పన్నీర్ చల్లబడి బిరుసెక్కుతుంది. పండునూ బ్రెడ్‌నూ విడివిడిగా కట్టి చూశాం. చల్లారిన పండులో ఆ పొగ వాసన సగం కూడా మిగలడం లేదు. అరగంట తర్వాత ఇంట్లో డబ్బా తెరిచేవారి దగ్గర పూర్తి ధర తీసుకుని అలాంటిది పంపడం నాకు ఇష్టం లేదు.

మామిడి ముక్కలు ఎందుకు ఆపేశారని కూడా చాలామంది అడుగుతున్నారు. ఏప్రిల్, మే నెలల్లో సువర్ణరేఖ, ఆ తర్వాత బంగినపల్లి కాల్చాం. కాల్చడానికి దోరపండు కావాలి, గట్టి కండ ఉండాలి. రసాలు చేత్తో పిసికి జుర్రుకోవడానికే బాగుంటాయి, కుంపటి మీద నిలవవు. ఇప్పుడు మార్కెట్లో మిగిలిన కాయలు మెత్తబడిపోయాయి. కార్బైడ్‌తో మగ్గబెట్టడం నిషేధమే అయినా, పైకి పసుపుపచ్చగా మెరుస్తూ లోపల పులుపు వదలని కాయలు ఇంకా తగులుతూనే ఉంటాయి. అలాంటి కాయను ఎంత కాల్చినా తీపి రాదు. వచ్చే వేసవి దాకా మామిడి లేదు.

ఇప్పుడు అనాస కాలం. సీతంపేట ఏజెన్సీ కొండల మీద గిరిజన రైతులు పండించే అనాస జూన్, జూలైలలో మన వైపు వస్తుంది. ఆ బుట్టలు దుకాణంలో దించితే చాలు, వీధిలోకి వాసన కొడుతుంది. తీపితో పాటు నాలుక చివర తగిలే పులుపే నాకు ముఖ్యం, ఎందుకంటే పన్నీర్ చప్పటిది. చెక్కు తీసి, మధ్యలోని గట్టి భాగం తొలగించి, అర అంగుళం మందంలో కోసి, గుడ్డతో తడి అద్దుతాం. తడి ఉంటే పండు ఉడుకుతుంది తప్ప ఎర్రబడదు. మంట పూర్తిగా తగ్గి, బొగ్గుల మీద బూడిద పొర కట్టాకే ముక్కలు పెడతాం. మీరు ఎదురుచూసే సమయంలో ఎక్కువ భాగం దీనికే పోతోంది.

‘మాకు కాస్త పచ్చిగానే ఉంచండి’ అని కొందరు అడుగుతారు. అనాస విషయంలో అది కుదరదు. పచ్చి అనాసలో బ్రోమెలైన్ అనే ఎంజైమ్ ఉంటుంది. అది మాంసకృత్తులను విడగొడుతుంది. పచ్చి ముక్క పన్నీర్‌కు ఆనుకుని కాసేపు ఉంటే పన్నీర్ చేదెక్కుతుంది. బాగా వేడి తగిలితే ఆ ఎంజైమ్ పని ఆగిపోతుంది. అందుకే ముక్క నడుమ దాకా వేడెక్కనిచ్చి గానీ దింపం.

పన్నీర్ మేమే విరుస్తాం. గేదెపాలు లీటరు మరిగించి నిమ్మరసం పిండితే సుమారు 200 గ్రాములు వస్తుంది. నిమ్మరసంతో విరిచినది కాబట్టి మొజరెల్లాలా కరిగి సాగదు, బొగ్గుల సెగకు ఆకారం చెడకుండా ఎర్రబడుతుంది. సైప్రస్ వాళ్ల హలూమీ చీజ్‌కూ ఈ గుణం ఉంది గానీ, దిగుమతి సరుకు ధరకు ఈ ప్లేటు మీకు అందదు. పాలకొవ్వు బదులు వంటనూనెతో చేసిన చవక సరుకు పన్నీర్ పేరుతో దొరుకుతుంది. అది మా వంటగదిలోకి రాదు. పన్నీర్ కింద చెడ్డార్ చీజ్ తురుము పల్చగా వేస్తాం, ఉప్పదనానికీ ముక్క జారకుండా ఉండటానికీ. పైన తేనె వేయమని అడుగుతుంటారు. నా ఓటు మాత్రం బీచ్ రోడ్డు బండి మీద మామిడికాయ ముక్కలకు చల్లే ఉప్పూకారానికే.

ఇక ధర. 2025 సెప్టెంబర్ 22 నుంచి చీజ్ మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది, ప్యాకెట్ పన్నీర్ మీద పూర్తిగా పోయింది. మరి మీరు పెంచడమేమిటని అడగడం న్యాయమే. చీజ్ మీద తగ్గినంత మాకు మిగిలింది, కాదనను. కానీ ఒక ప్లేటులో చీజ్ చిటికెడే. అసలు ఖర్చు పాలది, బొగ్గుది, కుంపటి దగ్గర నిలబడే మనిషిది. పాల మీద పన్ను ముందు నుంచీ లేదు కాబట్టి తగ్గేదీ లేదు. పెంచిన 30 రూపాయల్లో కొంత కుంపటి దగ్గర పనిచేసే అమ్మాయి జీతంలోకి వెళ్తుంది. ఆ సెగలో ప్రతి సాయంత్రం నిలబడటం తేలిక పని కాదు.

బ్రెడ్ మాత్రం ఎప్పటిలా ఇంటికి తీసుకెళ్లండి. కిలో పిండికి 700 గ్రాముల నీళ్లు, 20 గ్రాముల ఉప్పు, కొద్దిగా ఈస్ట్. రాత్రంతా ఫ్రిజ్‌లో నెమ్మదిగా పులిసిన ముద్ద పొద్దున ఓవెన్‌లోకి వెళ్తుంది. కాల్చిన బ్రెడ్‌ను మాత్రం ఫ్రిజ్‌లో పెట్టకండి, ఆ చలికి బయటికన్నా త్వరగా బిరుసెక్కుతుంది. గుడ్డలో చుట్టి బయట ఉంచండి, లేదా ముక్కలు కోసి ఫ్రీజర్‌లో పెట్టండి. సముద్రపు గాలికి సాయంత్రానికల్లా పైపొర మెత్తబడటం మన ఊళ్లో మామూలే. పెనం మీద నెయ్యి రాసి రెండు వైపులా కాలిస్తే కరకర తిరిగి వస్తుంది. అదే పెనం మీద అనాస చక్రాలు, పన్నీర్ ముక్కలు విడివిడిగా ఎర్రగా కాల్చుకుని పైన పెట్టుకోండి. బొగ్గు వాసన రాదు గానీ, చల్లారిన పార్సిల్ కన్నా ఎంతో నయం.

అనాస అయిపోయాక వానాకాలమంతా చక్కరకేళి కాలుస్తాం. లంబసింగి స్ట్రాబెర్రీల గురించి అడిగినవారు చలికాలం దాకా ఆగాలి. వాటిని కాల్చం, కోసి అలాగే బ్రెడ్ మీద పెడతాం. ఆదివారాలు రద్దీ ఎక్కువ కాబట్టి, బ్రెడ్ కావలసినవారు శనివారం సాయంత్రం లోపు చెప్పి ఉంచండి.