కల్లు కాదే తల్లీ, కళ్ళు

బెల్‌వ్యూ (సియాటెల్ పక్కన), అమెరికా,
ఆదివారం మధ్యాహ్నం

ఏమే బుజ్జీ,

మొన్న ఫోన్లో నువ్వడిగినదానికి నేను జవాబు మొదలెట్టానో లేదో, మీ కుక్కర్ కూత వేసింది, నువ్వు వంటింట్లోకి పరిగెత్తావు. ఆ జవాబు అప్పట్నుంచీ నా నోట్లోనే నానుతోంది. మళ్ళీ ఫోన్ చేస్తే సగం మర్చిపోతానని కాగితం తీశాను. వీడు, మా మనవడు, ఇప్పుడే పడుకున్నాడు. వానెలాగూ ఆగదు. ఓ గంట నాదే.

"నువ్వొచ్చేశాక అక్కడ వాడికి తెలుగు ఎలా వస్తుందే?" అన్నావు. ఆ దిగులు నీకన్నా నాకే ఎక్కువ. వచ్చిన రెండో వారంలోనే పట్టుకుంది. అమ్మాయి స్నేహితురాలింటికి భోజనానికి వెళ్ళాం. వాళ్ళ పాపకి ఆరేళ్ళు. నా మొహంలోకి తేరిపార చూసి, "అమ్మమ్మా, నీ కల్లు ఎర్రగా ఉందేంటి?" అంది. విమానం దిగిన దగ్గర్నుంచీ నాకు నిద్ర సరిగా లేదు, కళ్ళు ఎర్రబడ్డాయి, నిజమే. కానీ కల్లు అలవాటు నాకెప్పుడైందే! అందరం పగలబడి నవ్వాం. పాప మాత్రం ఎందుకు నవ్వుతున్నామో తెలియక బిక్కమొహం వేసింది. "కల్లు కాదే తల్లీ, కళ్ళు" అన్నాను. "కల్లు" అంది. "ళ్ళు." "ల్లు." దాని మొహం చూస్తే అర్థమైంది, నాలుక తిరక్క కాదు, రెంటికీ తేడా అసలు చెవికే అందడం లేదు. (ఆ మాటకొస్తే మన టీవీ యాంకరమ్మలకి అందుతోందా... సరే, వదిలెయ్.)

ఆ రాత్రి గిన్నెలు తుడుస్తూ అమ్మాయి చెప్పింది, ఈ సంగతి మీద పెద్ద పరిశోధనే ఉందిట. ఇక్కడికి కార్లో మూడు గంటల్లో వాంకూవర్ వస్తుంది, కెనడాలో. అక్కడి యూనివర్సిటీలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అని ఇద్దరు 1984లో ఓ పరిశోధన అచ్చేశారు. వాళ్ళు పట్టుకున్న శబ్దాలేమిటో తెలుసా? మన త, ట! అంటే హిందీ వాళ్ళవిలే, కానీ ఆ తేడా మనకీ ఉన్నదేగా. ఇంగ్లీషు వాళ్ళకి లేనిది.

నెలల పిల్లల్ని ఏమని అడుగుతారే అన్నాను. ఇక్కడే నాకు ముచ్చటేసింది. బిడ్డని తల్లి ఒళ్ళో కూర్చోబెడతారు. స్పీకర్లోంచి "త, త, త, త" అని వస్తూనే ఉంటుంది. ఉన్నట్టుండి "ట" అవుతుంది. అప్పుడు బిడ్డ తల అటు తిప్పితే, పక్కనున్న నల్లటి పెట్టెలో లైటు వెలిగి బొమ్మ ఒకటి ఆడుతుంది. శబ్దం మారితే బొమ్మ వస్తుందని పిల్లలు ఇట్టే కనిపెట్టేస్తారు. తల్లి చెవులకి హెడ్‌ఫోన్ తగిలించి పాటలు పెడతారు, ఆవిడే తెలియకుండా బిడ్డకి సైగ చెయ్యకుండా. మన స్కూల్లో ఇన్‌స్పెక్షన్ రోజు మనం పిల్లలకి కళ్ళతో అందించేవాళ్ళం చూడు, అలాంటివేం కుదరకుండా అన్నమాట.

ఇంతకీ తేలిందేమిటంటే, ఇంగ్లీషు తప్ప వేరే మాట వినని ఇళ్ళలో పిల్లలు కూడా ఆరు నుంచి ఎనిమిది నెలల వయసులో చాలామంది త, ట తేడా పట్టేశారు. పది పన్నెండు నెలలొచ్చేసరికి పట్టినవాళ్ళు వేళ్ళ మీద లెక్కే. హిందీ ఇళ్ళలో పిల్లలకి మాత్రం ఏడాది దగ్గరపడుతున్నా ఆ తేడా వినిపిస్తూనే ఉంది. బిడ్డ ఏ భాషకైనా పనికొచ్చే చెవులతో పుడుతుంది, ఏడాది తిరిగేలోపు ఇంట్లో వినపడే భాషకి వాటిని సరిచేసుకుంటుంది.

వీడికి తొమ్మిది నెలలు నిండాయి. నా గుండె ఎలా కొట్టుకుందో చూసుకో! మర్నాడు పొద్దున్నే ఒళ్ళో కూర్చోబెట్టుకుని "త, త, త, ట" మొదలెట్టాను. బొమ్మ బదులు స్పూను ఆడించాను. వాడు త కీ తిరగలేదు, ట కీ తిరగలేదు, స్పూను లాక్కుని నోట్లో పెట్టుకున్నాడు. నా పరిశోధన అక్కడితో సమాప్తం.

పక్కింటి పెద్దావిడ మీదా ప్రయోగం చేశాను. వీడు ఆవిడకి చెయ్యి ఊపుతుంటే "టాటా" అంటే ఏమిటో, "తాత" అంటే ఎవరో చెప్పాను. ఆవిడ "టాటా, టాటా, రెండూ ఒకటేగా" అంది. నాలుగుసార్లు చెప్పించాను, నాలుగుసార్లూ మా ఆయన బస్సెక్కి వెళ్ళిపోయాడు. ఇంట్లోకొచ్చి అదో గొప్పగా చెబుతుంటే అమ్మాయి నవ్వి, "అమ్మా, చొక్కా లోపలేసుకునే వెస్ట్ అను, పడమరకి ఇంగ్లీషులో వెస్ట్ అను" అంది. అన్నాను. "రెండూ ఒకటే అన్నావు" అంది. రెండూ ఒకటే కదా! చూడు, రాసినా ఒకటే. పాతికేళ్ళు ఇంగ్లీషు పాఠం కూడా చెప్పిన నోరిది. అప్పట్నుంచీ పక్కింటావిడ మీద నాకు కోపం పోయింది.

ఇప్పుడు నీ మనవడి సంగతికొస్తాను, తిట్టుకోకు. ఫోన్లో పాటలు పెడితే గానీ ముద్ద మింగడు, పైగా పాటల్లోంచి మాటలు నేర్చుకుంటాడు అన్నావు చూడు, ఆ రెండోది నాకు నమ్మకం పోయింది. ఎందుకంటే ఈ సియాటెల్‌లోనే ప్యాట్రిషియా కూల్ అనే ఆవిడ 2003లో ఇంకో పరిశోధన బయటపెట్టింది. తొమ్మిది నెలల అమెరికా పిల్లల్ని తీసుకుంది, అచ్చం మావాడి ఈడు. నాలుగు వారాల్లో 12 సార్లు, సారికి 25 నిమిషాలు, చైనా భాష మాట్లాడేవాళ్ళు వచ్చి పిల్లలతో నేల మీద కూర్చుని బొమ్మలు చూపిస్తూ, పుస్తకాలు చదువుతూ ఆడుకున్నారు. మొత్తం కలిపితే ఐదు గంటలు. అంతే! ఆ పిల్లలు చైనా శబ్దాల తేడాని తైవాన్‌లో పుట్టి పెరుగుతున్న పిల్లలతో సమానంగా పట్టారు.

తర్వాత అవే మనుషుల్ని, అవే పుస్తకాల్ని వీడియో తీసి ఇంకో జట్టు పిల్లలకి టీవీలో చూపించారు. మరో జట్టుకి మాటలొక్కటే వినిపించారు. టీవీ జట్టు పిల్లలు కళ్ళప్పగించి చూశారట గానీ రెండు జట్లకీ చెవికెక్కింది మాత్రం సున్నా. ఆ భాష అసలు విననివాళ్ళకీ వీళ్ళకీ తేడా లేదు.

అది విన్నాక నేను కాసేపు మాట్లాడలేదు. బొమ్మ పడిపోతే "అయ్యో, పడిపోయిందా నాన్నా, దెబ్బ తగిలిందా దానికి" అని పొద్దస్తమానం నేను వాగే వాగుడుంది చూడు, అల్లుడు కూడా ఒకసారి "అత్తయ్యా, వాడికి అర్థమవుతుందంటారా" అన్నాడు. బిడ్డ ఎటు చూస్తే అటు మనం చూసి ఆ మాటే చెబుతాం. వాడు "ఊఁ" అంటే మనమూ "ఊఁ" అంటాం. టీవీ ఆ పని చెయ్యదు.

మరి వాళ్ళ తాత రోజూ వీడియో కాల్‌లో కనిపిస్తున్నాడు కదా, అదీ దండగేనా అని నాకు టెన్షన్ పట్టుకుంది. దానికీ ఒకటి చెప్పింది అమ్మాయి. 2014లో రెండు, రెండున్నరేళ్ళ పిల్లలకి కొత్త మాటలు మూడు రకాలుగా నేర్పారట: ఎదురుగా కూర్చుని, వీడియో కాల్‌లో, ముందే తీసిన వీడియోలో. మొదటి రెండు రకాల వాళ్ళూ నేర్చుకున్నారు, మూడో రకం వాళ్ళు నేర్చుకోలేదు. తెర కాదు అడ్డం, తెరలో మనిషి మనకి బదులివ్వకపోవడమే అడ్డం. మావాడు అంతకన్నా చిన్నవాడు, వాడి విషయంలో ఎంతవరకు పనిచేస్తుందో అది వేరే లెక్క. కానీ మా ఆయనకి మాత్రం ఫోన్ చేసి, "ఊరికే చూస్తూ కూర్చోకండి, వాడు ఏది ఎత్తితే దాని పేరు చెప్పండి" అని డ్యూటీ వేశాను. నిన్న వీడు సాక్సు ఎత్తితే ఆయన పది నిమిషాలు "మేజోళ్ళు, మేజోళ్ళు" అన్నాడు. ఆ మాట ఆయన నోట వినడం పెళ్ళయ్యాక ఇదే మొదటిసారి.

ఆ కల్లు పాప కథ మధ్యలో వదిలేశాను కదూ. దానికి ఏడాదిన్నర దాటినా మాటలు రాలేదని ఎవరో డాక్టరు దగ్గరికి తీసుకెళితే, "రెండు భాషలతో తికమక పెడుతున్నారు, ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడండి" అన్నార్ట. వాళ్ళు భయపడి ఆ రోజునుంచే తెలుగు ఆపేశారు. పాప తల్లి ఇది చెబుతున్నప్పుడు కంచంలో అన్నం కెలుకుతూనే ఉంది. మియామీలో 1993లోనే స్పానిష్, ఇంగ్లీషు రెండూ వినే పిల్లల మాటలు లెక్కపెట్టి చూశారట. ఒక్కో భాషలో విడిగా చూస్తే తక్కువ అనిపించినా, రెండూ కలిపి లెక్కేస్తే ఒకే భాష పిల్లలకి ఏం తీసిపోలేదు. డబ్బు రెండు జేబుల్లో ఉంటే ఒక్క జేబే తడిమి బీదవాడంటామా? నాకైతే ఆ డాక్టరు మీద ఇప్పటికీ మండుతూనే ఉంది.

అలాగని ఏడాదికల్లా తలుపులు మూసేస్తారని బెంబేలు పడక్కర్లేదట. చిన్నపిల్లలుగా ఉండగానే కొరియా నుంచి నెదర్లాండ్స్‌కి దత్తత వెళ్ళినవాళ్ళున్నారు. పెద్దయ్యాక వాళ్ళకి కొరియా మాట ఒక్కటి రాదు. 2017లో వాళ్ళకి ఆ శబ్దాలు నేర్పిస్తే, ఎప్పుడూ వినని డచ్చివాళ్ళ కన్నా బాగా పలికారు. ఆరు నెలలు నిండకముందే వెళ్ళిపోయినవాళ్ళు కూడా! పాప తల్లికి ఇది చెప్పమన్నాను. చెప్పిందట. మొన్న శనివారం పాప నాకు ఫోన్ చేసి "అమ్మమ్మా, కళ్ల్లు" అంది. ల కీ ళ కీ మధ్యలో ఎక్కడో పడింది. అది రాయడానికి మనకి అక్షరమే లేదు.

కడుపులో ఉండగానే వింటారన్నదీ నిజమేనట. 1980లో, పుట్టి మూడు రోజులు కూడా నిండని పసికందులు అమ్మ గొంతు వినడం కోసం పాలపీకని ప్రత్యేకంగా చప్పరించారట, ఆ చప్పరింపుని బట్టే టేపు మారేలా పెట్టారు. ప్రహ్లాదుడి కథ చెబితే మనల్ని నవ్వేవాళ్ళుగా మన సైన్సు మాస్టారు!

నేను మార్చిలో వచ్చేస్తాను, ఆరు నెలలకి మించి ఉండనివ్వరు. ఈలోపు నీతో ఒక పనుంది. మీ అమ్మగారు మీ తమ్ముణ్ణి ఉయ్యాల్లో వేసి పాడే జోల ఒకటుంది, గుర్తుందా? మొదటి రెండు వరసలూ వచ్చు, ఆ తర్వాత నాకు తట్టడం లేదు, రోజూ అక్కడికొచ్చి "ఊఁ ఊఁ" అని సాగదీస్తున్నాను. నువ్వు పాడి వాట్సాప్‌లో రికార్డు పంపుతానంటావు, నాకు తెలుసు. పాట వరస తెలియడానికి నాకోసం పంపు, సరే. కానీ మాటలు మాత్రం కాగితం మీద రాసి ఫొటో తీసి పెట్టు. వీడికి నేనే పాడాలి.

లేచాడు. ఉంటానే.

నీ
పంతులమ్మ