గొంతు మీది, పేరు ఎవరిది?

మాంచెస్టర్

అత్తయ్యకు నమస్కారాలు.

ఇక్కడ అందరం క్షేమం. పిల్లలకు సెలవులు, నాకు లేవు. మొన్న వంట చేస్తూ ఫోనులో ఏదో సీరియల్ పెట్టుకున్నాను. కూరలు తరుగుతూ వింటున్నానే తప్ప తెర వైపు చూడటం లేదు. ఒక అత్తగారు కోడలిని కడిగిపారేస్తోంది. "ఈ గడప దాటావంటే మళ్ళీ ఈ ఇంటి ముఖం చూడనివ్వను!" చాకు పక్కన పడేసి చూశాను. ముఖం ఎవరో బెంగళూరు నటిది. గొంతు మాత్రం మీదే!

ఎలా పట్టానంటారా? "చూడనివ్వను" అన్న మాటను చివరి అక్షరం దాకా నిలబెట్టారు. మన వాక్యానికి ప్రాణమంతా చివర ఉండే క్రియలోనే ఉంటుందని, ఊపిరి చాలక అక్కడ గొంతు దించేస్తే వెనక వరుస వాళ్ళకు తిట్టామో మెచ్చుకున్నామో కూడా తెలియదని చెప్పేవారు. రిహార్సల్ రోజున రవీంద్రభారతిలో నన్ను చివరి వరుసలో కూర్చోబెట్టి, మైకు లేకుండా ఒక్కో మాట పలికి "వినిపించిందా?" అని అడిగేవారు. నా ధ్యాసేమో బయట సమోసాల మీద ఉండేది.

దూరదర్శన్ కథ కూడా గుర్తొచ్చింది. 1977లో హైదరాబాదుకు అది వచ్చాకే కదా, నాటక పరిషత్తు పోటీల్లో తిరిగే మీలాంటి వాళ్ళకు రామంతపూర్ స్టూడియో దారి తెలిసింది! మొదటి రోజు మీరు అలవాటు కొద్దీ చివరి వరుసకు వినిపించేటట్లు అందుకుంటే, సౌండు చూసే ఆయన హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టేశారట. నాన్న ఇప్పటికీ చెప్పి నవ్వుతారు. 1995లో ఈటీవీ, జెమిని వచ్చాయి. ఆ తర్వాత సీరియళ్ళలో మీరు ఎన్ని ఇళ్ళకు అమ్మమ్మ అయ్యారో లెక్క లేదు.

నాన్నకు ఈ డబ్బింగ్ నచ్చడం లేదు. "ద్రౌపది వేసిన మనిషి, గదిలో కూర్చుని ఎవరి పెదవులకో మాటలు అతుకుతోంది" అన్నారు. ఆయన మాటతో నాకు పేచీ ఉంది. అదేమన్నా తేలిక పనా? తెర మీది నటి పక్కనుంచి అందించే మాటలు (ప్రాంప్టింగ్) విని వచ్చీరాని తెలుగులో పెదవులు కదిపితే, అవి ఎక్కడ మూసుకున్నాయో చూసి అక్కడ మీ ప, బ, మ పడాలి. ఏడుపు మధ్యలో ముక్కు ఎగబీల్చడం కూడా కుదరాలి. ఎదుట జనం ఉండరు, జవాబిచ్చే తోటి నటుడు ఉండడు. పద్యానికి వన్స్‌మోర్ కొట్టించుకున్న మనిషి ఆ గాజు గదిలో నిలబడి పని చేస్తోందంటే నాకు గౌరవం పెరిగిందే కానీ తగ్గలేదు.

నా బాధ వేరే. సురభి కమలాబాయి గురించి మీరే చెప్పారు. తల్లి దమయంతి వేషంలో ఉండగా నొప్పులు వచ్చి, ఆమె రంగస్థలం మీదే పుట్టిందని అంటారు కదా. 1932లో విడుదలైన మన తొలి టాకీ 'భక్త ప్రహ్లాద'లో లీలావతి ఆమే. అప్పటికి నేపథ్యగానం లేదు, డబ్బింగూ లేదు. నటిస్తూనే మాట్లాడాలి, పాడాలి. ఇది ఎవరి గొంతు అని ప్రేక్షకుడు అడగాల్సిన పనే లేదు. ఇప్పుడు ముఖం ఒకరిది, గొంతు ఒకరిది. డబ్బు ఇద్దరికీ ముడుతోంది, పేరు మాత్రం ముఖానికే.

ఆ ఎపిసోడ్ చివర పేర్లన్నీ ఆపి ఆపి చదివాను. మీ పేరు లేదు. "ఈ వయసులో నాకు పేరెందుకే" అంటారని తెలుసు. హార్మోనిస్టు పేరు తప్పు చదివారని, సరిచేసి మళ్ళీ చదివేదాకా తెర ఎత్తనివ్వని మనిషి మీరు! ఇంకొకరి పేరు కోసం పట్టిన పట్టుదల మీ పేరు కోసం ఎందుకు లేదు? వచ్చే ఒప్పందంలో పాత్ర పక్కన మీ పేరు వెయ్యాలని రాయించండి. మర్యాదగా అడగండి, కానీ అడగండి. మొహమాటమైతే నన్ను అడగమనండి, నాకు ఆ జబ్బు లేదు.

మామయ్య మోకాలి నొప్పి ఎలా ఉంది? పట్టీ ఒకటి పార్సిల్‌లో పంపాను. ఉగాదికి వస్తున్నాను. మీకు రికార్డింగు ఏ రోజుల్లో ఉందో ముందే చెబితే, కృష్ణానగర్ స్టూడియోకు నేనూ వస్తాను.

మీ మేనకోడలు