ఎఫ్ఎం రేడియోకు వార్తలు చెప్పే అనుమతి ఇవ్వండి

కేంద్ర సమాచార, ప్రసార శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను తొమ్మిదేళ్లు ఒక ప్రైవేటు ఎఫ్ఎం స్టేషన్‌లో ఆర్జేగా (రేడియో జాకీగా) పనిచేశాను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ గొంతులోనే ఆగిపోయిన మాట ఒకటుంది. అది చెప్పడానికే ఈ లేఖ.

ఒక వానాకాలం రాత్రి షోలో ఉన్నాను. ఊరి బయట వంతెన మీదుగా నీళ్లు పారుతున్నాయని ఒకరు ఫోన్ చేశారు. అరగంటలో పదిమంది దాకా అదే చెప్పారు. "అన్నా, మా నాన్న ఆ దారిలోనే బండి మీద వస్తున్నాడు, ఫోన్ ఎత్తడం లేదు. రేడియో వింటుంటాడు, చెప్పన్నా" అంది ఒకమ్మాయి. మైకు నా ముందే ఉంది. కానీ ఇది ట్రాఫిక్ సమాచారమా, వార్తా? ట్రాఫిక్ అయితే చెప్పొచ్చు. ప్రైవేటు ఎఫ్ఎం సొంతంగా వార్తలు చెప్పకూడదు కాబట్టి, వార్త అయితే లైసెన్స్‌కే ఎసరు. ప్రకృతి వైపరీత్యాల మీద స్థానిక అధికారులు ఇచ్చిన ప్రకటనే చదవాలని నిబంధన. పైవాళ్లను అడిగితే ఆగమన్నారు. ప్రకటన వచ్చేసరికి అర్ధరాత్రి దాటింది. ఆ నాన్న వేరే దారిలో క్షేమంగా ఇల్లు చేరాడు. ఆ మూడు గంటలూ నేను వేసిన పాటలు మాత్రం ఇప్పటికీ వినలేను.

మన ప్రాంతీయ టీవీ ఎలా ఎదిగిందో మీకు తెలియనిది కాదు. తమిళంలో సన్ టీవీ 1993 ఏప్రిల్‌లో, తెలుగులో ఈటీవీ 1995 ఆగస్టులో మొదలయ్యాయి. అప్పట్లో ప్రైవేటు ఛానళ్లు విదేశాల నుంచి అప్‌లింక్ చేయాల్సి (కార్యక్రమాలను ఉపగ్రహానికి పంపాల్సి) వచ్చేది. ఆకాశ తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు చెప్పింది 1995 ఫిబ్రవరిలోనే. 2000లో అప్‌లింకింగ్ నిబంధనలు సడలాయి. ఆ తర్వాత నాలుగేళ్లు తిరక్కుండానే తెలుగులో ఇరవై నాలుగు గంటల వార్తలు వచ్చేశాయి. ప్రభుత్వం నమ్మి తలుపు తీసింది, మన భాషలో సంస్థలు పెరిగాయి.

రేడియోకు ఆ తలుపు సగమే తెరిచారు. ప్రైవేటు ఎఫ్ఎం 2001 జులైలో బెంగళూరులో మొదలైంది. 2011 విధానంలో ఆకాశవాణి బులెటిన్లను ఉన్నవి ఉన్నట్టు తిరిగి ప్రసారం చేసుకోవచ్చన్నారు. ఆకాశవాణి వార్తలు వింటూ పెరిగినవాణ్ణి, వాటి మీద నాకెంతో గౌరవం. కానీ రాష్ట్రమంతటికీ చదివే బులెటిన్‌లో మా ఊరి వంతెన గురించి ఎలా చెబుతారు? ఒకే సంస్థ సన్ న్యూస్‌లో రోజంతా వార్తలు చెప్పవచ్చు, సూర్యన్ ఎఫ్ఎంలో సొంతంగా ఒక్క బులెటిన్ కూడా చదవకూడదు. ఇందులో న్యాయం నాకు ఎంత ఆలోచించినా కనబడలేదు. తెలంగాణలోని మాచనూరులో దళిత మహిళలు 2008 నుంచి నడుపుతున్న సంఘం రేడియో లాంటి కమ్యూనిటీ స్టేషన్లకూ సొంత వార్తల అనుమతి లేదు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు కరెంటు పోయింది, చాలామంది ఫోన్లు ఆగిపోయాయి. బ్యాటరీతో నడిచే చిన్న రేడియో అలాంటప్పుడే అక్కరకొస్తుంది. ఏ వీధికి పడవ వస్తోంది, పాల ప్యాకెట్లు ఎక్కడిస్తున్నారు అన్నది గంటగంటకూ మారిపోతుంది. అది ఊళ్లో ఉన్న విలేకరి చెప్పాల్సిన వార్త.

తప్పుడు వార్తలు వస్తాయన్న భయం ఉంది. నేను దాన్ని తేలిగ్గా తీసుకోను. కానీ లైసెన్స్, చిరునామా, బాధ్యత ఉన్న స్టేషన్‌ను అడిగేవాళ్లున్నారు. తప్పు చేస్తే లైసెన్స్ రద్దు చేయవచ్చు. వాట్సాప్‌లో తిరిగే పుకారును ఎవర్ని పిలిచి అడుగుతాం?

పోయినేడో మొన్నో పుట్టిన ఆలోచన కూడా కాదిది. గంటకు పది నిమిషాలు మించకుండా వార్తలు, వర్తమాన వ్యవహారాలు ప్రసారం చేయనివ్వాలని టెలికాం, ప్రసార రంగాల నియంత్రణ సంస్థ ట్రాయ్ 2023 సెప్టెంబరులోనే సిఫారసు చేసింది. మరుసటి ఏడాది కేంద్ర మంత్రివర్గం 234 కొత్త పట్టణాల్లో 730 ఎఫ్ఎం ఛానళ్లకు ఆమోదం తెలిపింది. మాతృభాషలో స్థానిక కార్యక్రమాలు పెరగాలన్నది దాని ఉద్దేశం. చాలా సంతోషించాను. అయితే లోపలి సంగతి ఒకటి చెప్పాలి. చిన్న ఊళ్లో ప్రకటనల ఆదాయం తక్కువ. అందుకని పెద్ద నగరంలో రికార్డు చేసిన షోనే అక్కడా వేస్తారు. పాటలకు ఊళ్లో మనిషి అక్కర్లేదు. వార్తలకు కావాలి. మార్కెట్ యార్డుకు, ఆసుపత్రికి, మున్సిపల్ సమావేశానికి వెళ్లే ఇద్దరు కుర్రాళ్లకు అక్కడే ఉద్యోగం ఇవ్వాలి. వార్తలు లేకుండా ఇచ్చే లైసెన్స్‌తో ఊరికి ఒక టవర్ వస్తుందేమో గానీ, ఊరి రేడియో రాదు.

ట్రాయ్ చెప్పిన ఆ పది నిమిషాలు ఇవ్వండి. కొత్త స్టేషన్లు ప్రసారాలు మొదలుపెట్టేలోపే ఇస్తే, వాళ్లు న్యూస్‌రూమ్ లెక్క వేసుకునే దిగుతారు. వరదల విషయంలో మాత్రం అంతవరకూ ఆగకండి. ప్రాణాపాయం ఉన్నప్పుడు స్టేషన్ తాను నిర్ధారించుకున్న సమాచారాన్ని అధికారుల ప్రకటన కోసం ఎదురుచూడకుండా చెప్పవచ్చని, వచ్చే వానాకాలానికి ముందే ఒక సర్క్యులర్ పంపండి.

ఇట్లు,
ఒక మాజీ ఆర్జే