మంత్రి గారూ, ముందు గుండెకు ఎకో తీయించండి, బరువు సంగతి తర్వాత

ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం.

మాది విజయనగరం జిల్లా. మా పాపకు డౌన్ సిండ్రోమ్, అంటే పుట్టుకతోనే ఉండే క్రోమోజోముల తేడా. నెలలు నిండాకే పుట్టింది, అయినా 2 కిలోల 100 గ్రాములే. ఏడో నెల స్కాన్‌లోనే బిడ్డ చిన్నగా ఉందని తేలితే దానికి ప్రోటీన్ పౌడర్ రాసిచ్చారు. పుట్టాక మా అత్తగారి నుంచి ఆశా కార్యకర్త దాకా అందరిదీ ఒకటే ప్రశ్న, కడుపుతో ఉన్నప్పుడు సరిగ్గా తినలేదా అని. తిన్నానండీ. క్రోమోజోముల తేడా ఉన్న పిల్లల్లో చాలామంది కడుపులోనే తక్కువ ఎదుగుతారని, వాళ్ళకు గుండె కూడా చూడాలని చెప్పినవాళ్ళే లేరు.

కళ్ళ తీరు, అరచేతిలో అడ్డంగా ఒకే గీత చూసి డాక్టర్ గారు కేస్ షీట్‌లో సిండ్రోమ్ అనుమానం అని రాశారు. గుండె చప్పుడు బాగుందన్నారు, కాలికి క్లిప్పు పెట్టి ఆక్సిజన్ బాగుందన్నారు, మూడో రోజు "బరువు పెరిగాక తీసుకురండి" అని పంపేశారు. పెరిగితే కదా! రొమ్ము పట్టుకున్న రెండు నిమిషాలకే వదిలేసేది, డిసెంబరు చలిలో నుదుటి నిండా చెమట, కొంగుతో తుడుస్తూ కూర్చునేదాన్ని. ఐదో నెలలో ఎకో (గుండె స్కాన్) తీస్తే తెలిసింది, గుండె పై రెండు గదుల మధ్య గోడకూ, కింది రెండు గదుల మధ్య గోడకూ కలిపి నడిమధ్యన ఒకటే పెద్ద రంధ్రం. ఏవీ కెనాల్ అంటారు.

డౌన్ సిండ్రోమ్ పిల్లల్లో దాదాపు సగం మందికి ఏదో ఒక గుండె లోపం ఉంటుంది. ఈ ఏవీ కెనాల్ ఉంటే మొదటి రోజుల్లో స్టెతస్కోప్‌కు ఏమీ వినపడకపోవచ్చు, బిడ్డ నీలంగా మారకపోవచ్చు, కాబట్టి క్లిప్పు కూడా మోసం చేస్తుంది. చెప్పగలిగేది ఎకోనే. ఈలోగా ఊపిరితిత్తుల రక్తనాళాలు గట్టిపడుతూ ఉంటాయి, మరీ ఆలస్యమైతే ఆపరేషన్ కూడా కుదరదు, అందుకే 3 నుంచి 6 నెలల లోపు చేయించాలంటారు. బరువు పెరగనివ్వనిదే ఆ రంధ్రమైతే, బరువు పెరిగాక రమ్మంటే ఎలాగండీ? మా పాపకు ఏడో నెలలో అయింది, 11 రోజులు వెంటిలేటర్ మీద ఉంది.

ఒక్క డౌన్ అనే కాదు. టర్నర్ సిండ్రోమ్ (ఇదీ క్రోమోజోముల తేడానే) ఉన్న ఆడపిల్లలు కొందరు పాదాలు ఉబ్బి పుడతారు, వాళ్ళలో గుండె నుంచి ఒంటికి రక్తం తీసుకెళ్ళే పెద్ద నాళం, బృహద్ధమని, ఒకచోట సన్నబడి ఉండొచ్చు. ఎడ్వర్డ్స్ సిండ్రోమ్ అనే ఇంకో క్రోమోజోముల తేడా ఉన్న బిడ్డలు మరీ చిన్నగా, పిడికిళ్ళు బిగించి పుడతారు, వాళ్ళలో ఎక్కువమందికి గుండె లోపమే. ఆ బిడ్డల్లో చాలామంది ఎక్కువ కాలం బతకరు కాబట్టి అక్కడ ఆపరేషన్ సంగతి వేరు, కానీ ఆ తల్లిదండ్రులకైనా నిజం తెలియాలి కదా.

ప్రభుత్వం దగ్గర డబ్బు లేదని నేననను. మా ఆపరేషన్ ఆరోగ్య కార్డు మీద ఉచితంగానే అయింది, తిరుపతిలో 2021 నుంచి చిన్నపిల్లల హృదయాలయమే ఉంది (మాకు రాత్రంతా రైలు దూరం, అది వేరే మాట). 2013లో మొదలైన ఆర్‌బీఎస్‌కే (పిల్లలకు ఆరోగ్య పరీక్షలు చేసే ప్రభుత్వ పథకం) జాబితాలో డౌన్ సిండ్రోమ్, పుట్టుకతో వచ్చే గుండె జబ్బు రెండూ ఉన్నాయి. మాకు మాత్రం ఎకోకు, క్రోమోజోమ్ టెస్టుకు జేబులోంచే పోయింది.

ఒక్క ఉత్తర్వు ఇవ్వండి. కేస్ షీట్‌లో "సిండ్రోమ్ అనుమానం" అని రాసిన బిడ్డ ఎకో రిపోర్టు లేకుండా డిశ్చార్జి కాకూడదు. ఎకో తీసేవాళ్ళు లేనిచోట ఆసుపత్రి బండిలోనే ఉన్నచోటికి పంపాలి. స్కాన్‌లో బిడ్డ ఎదుగుదల తక్కువని తేలితే పౌడర్ రాసే ముందు కడుపులో బిడ్డ గుండె స్కాన్‌కు రాయాలి. జిల్లా ఆసుపత్రికి పిల్లల గుండె డాక్టర్ ఏ వారం వస్తారో గేటు దగ్గర బోర్డు మీద రాయించండి, మేం చూసుకుని వస్తాం.

ఇట్లు,
ఒక పాప తల్లి, విజయనగరం జిల్లా