పొద్దున ఎనిమిదింటి ఆరాధనలో చేతులు కలపరు

ఇంగ్లండ్‌లో హెరిఫర్డ్ దగ్గర,
23 నవంబర్ 2025, ఆదివారం రాత్రి

ప్రియమైన అమ్మకు,

ప్రభువు నామంలో వందనాలు. నాన్నకు కూడా చెప్పు. ఆయన మోకాలికి ఆ తైలమే రాస్తున్నావా, డాక్టర్ ఇచ్చిన మాత్రలు వేయిస్తున్నావా?

పోయిన వారం ఫోన్‌లో "నువ్వు వెళ్లేది మన గుడేనా, వేరేవాళ్లదా" అని అడిగావు. మనదేనమ్మా అనేసి పెట్టేశాను, డ్యూటీకి టైమవుతోంది. అది సగం జవాబే. మిగతాది రాస్తున్నాను.

ఇక్కడ ఆదివారానికి మూడు ఆరాధనలు. పొద్దున ఎనిమిదికి ఒకటి, పదికి ఒకటి, నెలకోసారి సాయంత్రం ఒకటి. నా షిఫ్టును బట్టి ఏది దొరికితే అది. నైట్ దిగితే ఎనిమిదికి, సెలవైతే పదికి. ఈరోజు నైట్ దిగి తిన్నగా ఎనిమిదికే వెళ్లాను, హాస్పిటల్ వాసనతోనే.

ఎనిమిదింటికి తొమ్మిది మందిమి. పాటల్లేవు, వాద్యం లేదు. అంత పెద్ద రాతి గుడిలో ఒకరికొకరు నాలుగు బెంచీల దూరంలో కూర్చుంటారు. చేతిలో 1662 నాటి ప్రార్థన పుస్తకం. ఆ పాత ఇంగ్లీషు నాకు అడ్డం పడుతుందని భయపడ్డాను కానీ, నీ బల్ల కింద పడిన రొట్టెముక్కలు ఏరుకోవడానికి కూడా మేము తగినవాళ్లం కాము అనే ప్రార్థన వచ్చేసరికి నా నోరు తెలుగులోకి వెళ్లిపోయింది. డోర్నకల్‌లో నీ పక్కన నిలబడి నిద్రమత్తులో అప్పజెప్పినదే కదా. నలభై నిమిషాల్లో అయిపోయింది. తలలూపి ఎవరి కార్లు వాళ్లు ఎక్కారు.

ఈరోజు చదివిన ప్రార్థన మొదట్లో "స్టిర్ అప్" అని వస్తుంది, మా మనసుల్ని కదిలించు ప్రభువా అని. క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమన కాలం మొదలవడానికి ముందు ఆదివారం ఇది. అది విన్నారంటే ఇక్కడి ఆడవాళ్లకు క్రిస్మస్ పుడ్డింగ్ పిండి కలపాలని గుర్తొస్తుందట! ప్రార్థన కదిలించమన్నది మనసుని, వీళ్లు కదిలించేది గరిటెని. నువ్వు అరిసెల పాకం ఎప్పుడు పెడుతున్నావు?

పదింటిది మన ఆరాధనకు దగ్గర. ముప్ఫై, నలభై మంది, ఆర్గాన్, పాటల నంబర్లు గోడమీద పలకలో. జూన్ నుంచి బల్ల మీద ఇంచుమించు ఆకుపచ్చ గుడ్డే, వచ్చే ఆదివారం ఊదా వేస్తారు. పండగ కాలాన్ని బట్టి రంగు, ఆ లెక్క మనకు తెలిసినదే. వాక్యం చెప్పేది పన్నెండు నిమిషాలు. నాన్నకు చెప్పకు, అయ్యగారు గడియారం చూసుకోకుండా చెబితేనే వాక్యం అనుకునే మనిషి ఆయన. అన్నట్టు ఇక్కడి అయ్యగారు ఆడమనిషి, వికార్ అంటారు. అయ్యగారు అనాలో అమ్మగారు అనాలో తెలియక నెల రోజులు ఏమీ అనకుండా గడిపాను. 1994 నుంచి వీళ్ల చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ సంఘంలో ఆడవాళ్లకు గురు అభిషేకం ఇస్తున్నారు. ఈవిడ ఒక్కత్తే అయిదు పల్లెల గుళ్లు చూసుకోవాలి, అందుకే మూడో ఆదివారం మాకు పదింటి ఆరాధన ఉండదు.

మొదటి ఆదివారం ఏం చేశానో ఇన్నాళ్లూ చెప్పలేదు. గుమ్మం దగ్గర షూస్ విప్పి లోపలికి వెళ్లాను, ఊళ్లో లాగే. ఫిబ్రవరి. రాతినేల మంచుగడ్డ. రెండో పాటకల్లా కాళ్లు ఉన్నాయో లేవో తెలియలేదు. వెనక బెంచీలో పెద్దావిడ చప్పుడు చేయకుండా వెళ్లి నా షూస్ తెచ్చి పక్కన పెట్టింది, పాట ఆపకుండానే. ఆ తర్వాత ఆవిడ బెంచీలోనే కూర్చుంటున్నాను.

పదింటికి ముందు అరగంటసేపు గుడి గంటలు కొడతారు. మన గంటలా కాదు. గంటలు ఆరు, కొట్టేవాళ్లు ఆరుగురు, తలా ఒక తాడు. పాట వరసంటూ ఉండదు, ఏ గంట తర్వాత ఏది మోగాలన్న క్రమం మారుస్తూ పోతారు. వచ్చిన క్రమం మళ్లీ రాకుండా కొడితే మొత్తం 720 క్రమాలు వస్తాయి. ఇంత కష్టపడి ఊరందర్నీ పిలిచి, వాళ్లలో ముగ్గురు ఆరాధన మొదలయ్యేసరికి ఇంటికి వెళ్లిపోతారు. నాకైతే ఇది మింగుడు పడలేదు.

అసలు చెప్పాలనుకున్నది ఇది. పదింటి ఆరాధనలో ప్రభువు బల్ల సంస్కారానికి ముందు "సమాధానం", అంటే శాంతి, ఇచ్చిపుచ్చుకుంటారు. బెంచీలు దాటి వచ్చి మరీ చేతులు కలుపుతారు. అది ఇంగ్లీషువాళ్ల అలవాటే అనుకున్నాను. కాఫీ దగ్గర మాది సీఎస్ఐ, దక్షిణ ఇండియా సంఘం అని చెబితే వికార్ కప్పు కింద పెట్టేసింది. 1662 పుస్తకంలో ఇది లేదట. 1947లో మన సంఘాలు కలిశాక 1950లో వచ్చిన మన ఆరాధన క్రమంలో, కేరళ సిరియన్ క్రైస్తవుల పద్ధతి చూసి, జనం ఒకరికొకరు సమాధానం అందించుకోవడం పెట్టారు. దాన్ని చూసి తర్వాత మిగతా సంఘాలు నేర్చుకున్నాయి, వీళ్లూ అందులోవాళ్లే. అప్పట్లో మన అయ్యగార్లందర్నీ పూర్తిగా ఒప్పుకోని సంఘం కూడా ఇదే, ఆ మాట ఆవిడే అంది. నేనేమీ అనలేదు కానీ బిస్కెట్ ఇంకోటి తీసుకున్నాను.

ఎనిమిదింటికి వచ్చేవాళ్లలో కొందరు ఈ చేతులు కలపడం తప్పించుకోవడానికే అంత పొద్దున వస్తారట. వాళ్లను తప్పుపట్టలేను. నైట్ చేసి వచ్చిన రోజు నాక్కూడా ఎవరూ పలకరించకపోతేనే హాయి.

సాయంత్రం ఆరాధన చలికాలంలో నాలుగింటికే పెడతారు, అప్పటికే చీకటి పడుతుంటుంది. మరియమ్మ పాట, తర్వాత ముసలి సుమెయోను పాట. "నాథా, యిప్పుడు నీ మాటచొప్పున సమాధానముతో నీ దాసుని పోనిచ్చుచున్నావు." తాతయ్య మంచం దగ్గర నువ్వు చదివావు చూడు, అదే. మొన్న ఇంగ్లీషులో పాడుతుంటే నేను పుస్తకం మూసేశాను.

మన దగ్గర సమాధానం ఎలా ఇస్తారని వికార్ అడిగింది. ఒకరి కుడిచెయ్యి ఇంకొకరి రెండు చేతుల మధ్య పెట్టి, మళ్లీ తిప్పి ఇవ్వడం చూపించాను. వచ్చే ఆదివారం అందరికీ చూపించమంటోంది. పక్కనే గంటలు కొట్టే పెద్దాయన ఉన్నాడు, "అయితే నేను ఎనిమిదింటికి వస్తాను" అన్నాడు.

నీ పాత కీర్తనల పుస్తకం పోస్టులో పంపు. అట్ట ఊడినదే కావాలి, కొత్తది వద్దు.

నీ కూతురు