వార్షిక నివేదిక: ఒక కార్డు, ఒక అలవాటు

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన సంఘం నెత్తికెత్తుకున్న పని ఒక్కటే, ఆరోగ్యాన్నిచ్చే అలవాట్లను రోజువారీ జీవితంలో నిలబెట్టుకోవడం. మొదటి విడత బెడిసికొట్టింది. అది దాచిపెట్టి నివేదిక రాయడం ఇష్టం లేదు.

21 రోజులు చేస్తే ఏ అలవాటైనా అబ్బుతుందన్న మాట నమ్మి, పెందలాడే లేవడం, గంట నడక, తీపి మానేయడం, రాత్రి ఫోన్ ముట్టకపోవడం అన్నీ ఒకేరోజు మొదలుపెట్టించాం. రెండో వారానికే హాజరు పలచబడింది. చివరిదాకా ఉన్నవాళ్లు కూడా "ఇంకా అలవాటు కాలేదేంటి" అని టెన్షన్ పడ్డారు. తప్పు మేం పెట్టిన గడువుదే. లండన్‌లో ఫిలిపా లాలీ బృందం 96 మందిని 12 వారాలు గమనించి 2009లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఒక పని అలవాటుగా కుదురుకోవడానికి మధ్యస్థంగా 66 రోజులు పడుతుంది. మనిషిని బట్టి, పనిని బట్టి అది 18 నుంచి 254 రోజుల దాకా ఉండొచ్చని (12 వారాలు దాటినది అంచనాగా) లెక్కగట్టారు. మధ్యలో ఒకరోజు తప్పినా కొంప మునగదని కూడా తేలింది. ఇది కార్యవర్గంలో చదివి వినిపించాక అందరికీ ఊపిరాడింది.

రెండో విడతలో మనిషికి ఒక్కటే అలవాటు. దాన్ని రోజూ ఎలాగూ చేసే పనికి తగిలించి కార్డు మీద రాయాలి. "పళ్లు తోముకోగానే పది నిమిషాల నడక" అన్నట్టు. "వీలైనప్పుడు నడుస్తాను" అని రాసినవాళ్ల చేత మళ్లీ రాయించాం. వీలు ఏ గడియారంలోనూ ఉండదు కదా!

ఒక పెద్దాయన రాత్రే బూట్లు గుమ్మం దగ్గర పెట్టి, మేజోళ్లు వాటిలో దోపి పడుకునేవారు. మొదటి వారం గేటు దాకా వెళ్లి వెనక్కి వచ్చేశారు. "దీనికీ టిక్కు పెట్టొచ్చా?" అని అడిగారు. పెట్టేయండి అన్నాం. ఆయన కార్డులో జ్వరం వచ్చిన నాలుగు రోజుల గళ్లు ఖాళీ. ఐదో గడిలో టిక్కు కాగితం చిరిగేంత గట్టిగా పడింది. ఈ ఏడాది మాకు బాగా నచ్చిన కార్డు అదే.

నడకకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన లెక్కనే తీసుకున్నాం. పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ. రోజుకు పదివేల అడుగులు వేయాలని బెంగపడేవారికి ఒక మాట: ఆ అంకె 1960లలో జపాన్‌లో అమ్మిన, అడుగులు లెక్కపెట్టే మీటరు పేరులోంచి వచ్చింది.

ఉప్పు రోజుకు 5 గ్రాముల లోపు ఉండాలన్న దానిపై ఒక సాయంత్రం మాట్లాడుకున్నాం, అంతకుమించి చేయలేదు.

నిద్ర దగ్గర మాత్రం బాగా వెనకబడ్డాం. కనీసం 7 గంటలు కావాలని అందరికీ తెలుసు. అయినా రాత్రి పదకొండు దాటాక సంఘం వాట్సాప్ గ్రూపులో మెసేజ్‌లు ఆగవు, వాటిలో కార్యదర్శివీ ఉన్నాయి. అందుకే వచ్చే నెల నుంచి రాత్రి తొమ్మిదిన్నరకే గ్రూపు మూసేస్తాం. కొత్త కార్డుల కోసం వచ్చేటప్పుడు పాతవి తెచ్చివ్వండి, సగం ఖాళీగా ఉన్నా సరే.

– కార్యదర్శి