ఎన్టీఆర్ జిల్లా విద్యాశాఖాధికారి గారికి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

6 నుంచి 8 తరగతుల పిల్లలు 10 రోజులు పుస్తకాల సంచి లేకుండా స్థానిక వృత్తిదారుల దగ్గర నేర్చుకోవాలని 2020 జాతీయ విద్యావిధానం చెబుతోంది. విజయవాడలో వాహనాల మరమ్మతులకు పేరొందిన ఆటోనగర్ ఉండగా, ఆ రోజులు బడి గదుల్లో చార్టులు అతికించడంతో గడిచిపోకూడదు.

అక్కడ ఒక మేస్త్రీ, నడుస్తున్న ఇంజనుకు స్క్రూడ్రైవర్ మొన ఆనించి, పిడిని చెవికి చేర్చి, ఏ బేరింగు అరిగిందో పసిగట్టి, పక్కనున్న కుర్రవాడికి అందిస్తూ "ఇప్పుడు నువ్వు విను" అనడం చూశాను. ధ్వని గాలిలోకన్నా ఇనుములో వేగంగా సాగుతుందని బడిలో బట్టీపట్టిన నాకు, ఆ పాఠం అప్పుడే అర్థమైంది.

పిల్లలచేత పని చేయించమనడం లేదు, అది నేరం. ఉపాధ్యాయులు వెంట ఉండగా వారు చూసి, అడిగి తెలుసుకునేలా, ఆ మేస్త్రీలకు గౌరవవేతనం ఇచ్చి పాఠం చెప్పించమని వేడుకుంటున్నాను.

ఇట్లు,
విజయవాడ వాసి